జట్టుకూర్పు పట్ల ఎల్లాజీ వైఖరి

ఎల్లాజీకి ఒక వైఖరి ఉన్నదన్న సంగతి పందొమ్మిదివందల అరవై ఎనిమిది దాకా నడిమిపేటలో ఎవరికీ తెలియదు. ఎల్లాజీకి అసలే తెలియదు. అతనికి ఉన్నదల్లా కూర్మమ్మ అనే భార్య, ఒక తాటాకు ఇల్లు, ఉప్పుగాలికి ఎప్పుడూ సగం మూసుకుని ఉండే కళ్ళు, తండ్రి నుంచి సంక్రమించిన వలపెద్దరికం. వైఖరి కూడా ఉండవలసిందని ప్రభుత్వం చెప్పేదాకా లేని లోటు తెలియలేదు.

శ్రీకూర్మం దాటి, సరుగుడు తోటలు దాటి, ఇసకదిబ్బ ఎక్కి దిగితే నడిమిపేట. ఆ ఊరికి పెద్దవలే ఆధారం. పెద్దవల అంటే నావలో కూర్చుని విసిరేది కాదు. దాని తాడు ఒక కొస ఒడ్డునే ఉంటుంది. నావ ఆ వలను సముద్రంలో అర్ధచంద్రాకారంగా పరుచుకుంటూ పోయి, రెండో కొసను కాస్త దూరాన మళ్ళీ ఒడ్డుకు చేరుస్తుంది. అప్పుడు ఊరు రెండుగా చీలి రెండు తాళ్ళనూ లాగుతుంది. లాగగా లాగగా చేపలున్న సంచి ఇసకమీదికి వస్తుంది. ఈ మహాకార్యంలో వలపెద్ద పాత్ర రెండు విధాలు. మొదట దిబ్బమీద నిలబడి నీటిరంగు చూసి చేప ఎక్కడున్నదో చెప్పడం. ఆ తరువాత సంచి ఒడ్డుకు వచ్చేదాకా అందరినీ తిట్టడం.

తిట్టడంలో ఎల్లాజీది పెద్దచెయ్యి. పేరుపేరునా తిట్టేవాడు. ఒక్కొక్క తిట్టులో ఆ మనిషి తండ్రీ తాతా వచ్చేవారు, చిన్నతనంలో చేసిన వెధవపని ఒకటి వచ్చేది. పొరపాటున ఎవరినైనా తిట్టడం మరచిపోతే ఆ మనిషి సాయంత్రం ఎల్లాజీ ఇంటిముందు నిలబడి, "నామీద ఏటైనా కోపమేటి మావా?" అని అడిగి పోయేవాడు.

ఎల్లాజీ కుడిభుజం ఒకప్పుడు కెరటానికి నావ తిరగబడి మీద పడినప్పుడు విరిగింది. అతుక్కుంది గాని సరిగా అతుక్కోలేదు. ఆ చేత్తో తెడ్డు వెయ్యలేడు, తాడు లాగలేడు. మిగిలింది గొంతు. వలపెద్దరికం ఉన్నన్నాళ్ళు ఆ గొంతు ఉద్యోగం. అది పోయిన రోజున ఆ గొంతు ఒడ్డున పనిలేక కూర్చున్న ఒక మనిషి గోల. ఈ తేడా ఎల్లాజీకి బాగా తెలుసు కనుక దాని గురించి ఎన్నడూ మాట్లాడేవాడు కాదు.

అరవై ఎనిమిదిలో ప్రభుత్వం నడిమిపేటకు ఒక నైలాను పెద్దవల ఇచ్చింది. ఇచ్చి, దాన్ని వల అనకుండా ప్రాజెక్టు అన్నది. ప్రాజెక్టు అన్నాక మేనేజరు ఉండితీరాలి గనుక ఎల్లాజీ మేనేజరయ్యాడు. ఈ వార్త తెచ్చినవాడు మత్స్యకారుల సంఘం గుమాస్తా గణపతిరావు.

"మేనేజరంటే ఏటి సెయ్యాల?" అని అడిగింది కూర్మమ్మ.

"ఇన్నాళ్ళూ సేసిందే," అన్నాడు ఎల్లాజీ. "కాకపోతే సొక్కా తొడుక్కుని సెయ్యాలంట."

ఒక రుతువు బాగానే నడిచింది. ఆ తరువాత గణపతిరావు మళ్ళీ వచ్చి, ఈసారి కూర్చోకుండా చెప్పాడు: జట్టుకూర్పు పట్ల మేనేజరుగారి వైఖరి ఎలాంటిదో మదింపు చెయ్యడానికి పైనుంచి అధికారి వస్తున్నాడు. వైఖరి తృప్తికరంగా లేకపోతే శిక్షణ పొందిన మేనేజరును బయటినుంచి పంపుతారు. ఆయన వచ్చి దృఢకాయులను ఎంపిక చేసి, వాళ్ళతోనే వల లాగిస్తాడు.

ఎల్లాజీ తన కుడిభుజం వైపు చూసుకున్నాడు. తరువాత, "వైకరంటే?" అన్నాడు.

గణపతిరావు చాలాసేపు ఆలోచించి, "అది మనిషిలోపల ఉంటుంది," అన్నాడు.

"లోపలుంటే ఆయనకెలగ కనపడతాది?"

"చదువుకున్నారు కదా."

ఇక ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర సరిగా లేదు. ఎల్లాజీ బావమరిది, నావకు చుక్కాని పట్టే సూరయ్య, సలహా చెప్పడానికి వచ్చాడు. సూరయ్య యవ్వనంలో చిట్టివలస గోనెమిల్లులో పనికి వెళ్ళి, వాళ్ళడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పి, పని దొరక్క తిరిగివచ్చినవాడు. కాబట్టి అనుభవం ఉన్నది.

"అన్నిటికీ అవునను బావ. ఆ దినం నాను కాదన్నాను. అందుకే పంపీసినారు."

"ఏటడిగితే కాదన్నావు?"

"అది గ్యాపకం లేదు."

కూర్మమ్మ ఇంకో జాగ్రత్త చెప్పింది. "ఆయనున్నంతసేపూ ఎవుల్నీ తిట్టకు. సదువుకున్నోళ్ళు తిట్లు ఇంటే అదరతారు."

"తిట్టకపోతే ఆళ్ళెలగ లాగుతారే?"

"ఒక్క పూటకి. మర్యాదగా సెప్పి సూడు."

అధికారి పేరు నరసింగరావు. వాల్తేరులో మనస్తత్వశాస్త్రం చదివి, జట్లు కూర్చడంలో హైదరాబాదులో శిక్షణ పొందినవాడు. చిన్నవాడు, కళ్ళజోడు, బూట్లు. జీపు ఇసకలో దిగబడితే దాన్ని వదిలి నడిచివచ్చాడు. నిక్కచ్చి మనిషి. కూర్మమ్మ కొబ్బరిబొండం ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, నిబంధన అప్పజెప్పాడు: మదింపు చేసే అధికారి తానుగాని, తన బంధువులుగాని, మదింపునకు లోనవుతున్నవారి నుంచి ఎట్టి వస్తువునూ స్వీకరించరాదు. ఆ ఎండలో ఆ మాటలు చెబుతుంటే అతని పెదవులు ఎండిపోయి కనిపించాయి. బొండం కూర్మమ్మ చేతిలోనే ఉండిపోయింది.

నావనీడన కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. మగవాళ్ళు కొందరు చుట్టూ చేరారు. గున్నమ్మ అనే ముసలామె, మొగుడు సముద్రంలో పోయిన మనిషి, అందరికన్న ముందుకు వచ్చి కూర్చుంది.

"నిర్ణయం తీసుకునేముందు మీరు జట్టులో అందరి అభిప్రాయం అడుగుతారా?"

"అవును," అన్నాడు ఎల్లాజీ.

"మీరు అనుకున్నదే చెల్లాలని పట్టుబడతారా?"

"అవును."

నరసింగరావు కలం ఆపాడు. "రెండూ ఎలా కుదురుతాయి?"

"రెండూ మీరే అడిగినారు కద బాబూ."

"పోనీ. జట్టులో తగువు వస్తే మీరేం చేస్తారు?"

"అవును," అని, సూరయ్య మోచేత్తో పొడిచాక, "తగువు పడతాను," అన్నాడు.

"బాగా పనిచేసినవాణ్ణి మెచ్చుకుంటారా?"

అవుననడానికి ఎల్లాజీ నోరు తెరిచాడు గాని, ఆ మాట జట్టువాళ్ళ ఎదుట అనలేకపోయాడు. "మెచ్చుకుంటే నాకేటో అయినాదని ఆడు బెంగెట్టుకుంటాడు బాబూ."

"సభ్యుల ఎంపిక ఎలా చేస్తారు?"

"నాను సెయ్యను. తాడట్టుకున్నోడు జట్టులోడు."

"ఎవరైనా?"

"ఎవుడైనా."

"మరి జట్టుకూర్పు ఎవరు చేస్తున్నట్టు?"

ఎల్లాజీ సూరయ్య వైపు చూశాడు. సూరయ్య గున్నమ్మ వైపు చూశాడు. ఇది తమలో ఎవరో చెయ్యవలసిన పని అనీ, ఇన్నాళ్ళూ ఎవరూ చెయ్యలేదనీ, ఇప్పుడు దొరికిపోయామనీ అందరికీ ఒక్కసారే తోచింది. నరసింగరావు ముఖంలోనూ తృప్తి లేదు. శిక్షణలో చెప్పిన వైఖరులు నాలుగు రకాలు. ఈ మనిషిది నాలుగింటిలోనూ ఇమడలేదు, ఏ ఒక్కదాని నుంచీ పూర్తిగా బయటికి పోలేదు.

అంతలో దిబ్బమీది నుంచి ఎవరో కేకవేశారు. నీళ్ళు ఒకచోట నల్లబడుతున్నాయి. ఎల్లాజీ అధికారిని, ప్రశ్నను, వైఖరిని అక్కడే వదిలేసి పరుగెత్తాడు. సూరయ్య నావను కెరటాలలోకి తోయించాడు. వల చుట్టూ పడింది. రెండో తాడు ఒడ్డుకు వచ్చింది. జనం రెండు తాళ్ళూ అందుకున్నారు. గున్నమ్మ ఎప్పటిలాగే ఒకదానికి వేలాడింది. నరసింగరావు నీటి అంచున నిలబడి శ్రద్ధగా చూడసాగాడు.

అప్పుడు ఎల్లాజీకి భార్య చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది. గొంతు సవరించుకుని, "అందరూ కొంచెం లాగండి," అన్నాడు.

లాగుతున్నవాళ్ళు ఆపి వెనక్కి తిరిగి చూశారు.

"రాముడుగారూ, తమరు కూడా," అన్నాడు ఎల్లాజీ.

రాముడు అనేవాడు బలిష్ఠుడు. ఎల్లాజీ నోటినుంచి తన పేరు చివర గారు వినపడేసరికి తాడు వదిలేసి, చొక్కా మేనేజరును కింది నుంచి పైకి చూశాడు. "మావకి ఒళ్ళు కాలతన్నాదేటో సూడండొలే," అన్నాడు ఆడవాళ్ళతో. నావ దిగి వస్తున్న సూరయ్య, "ఏటి బావ, ఎవులైనా పోయినారా?" అని అడిగాడు. తాడు సడలిపోయింది. వల లోపలి చేప మర్యాదను అవకాశంగా తీసుకుని పక్కకు పోవడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే ఒక పెద్దకెరటం వచ్చి నరసింగరావు కాళ్ళకింద ఇసకను లాగేసింది. బూట్లు జారాయి. పడబోతూ చేతికి అందినదాన్ని గట్టిగా పట్టుకున్నాడు. అందినది తాడు.

తాడుమీద ఒక చెయ్యి ఊరికే ఉండడం ఎల్లాజీ చూశాడు. ఆ చెయ్యి ఎవరిదన్నది ఆలోచనకు రాలేదు. తాడుమీది చెయ్యి లాగకుండా ఉంటే అతని గొంతు దానంతటదే లేస్తుంది.

"ఒరే కళ్ళజోడు. తాడట్టుకుని కొలువుకొచ్చినావేటిరా? నీ బాబెవుడైనా నిలబడి లాగినాడేటి? ఎనక్కి ఒంగరా గాడిదా, మడమలు ఇసకలో గుచ్చు."

జనం ప్రాణాలు కుదుటపడ్డాయి. ఎల్లాజీకి ఏమీ కాలేదు. రెండు తాళ్ళూ ఒక్కసారి బిగిశాయి. రాముడికీ వాడి తాతకూ ముట్టవలసినవి ముట్టాయి. నరసింగరావు ఏమిటో చెప్పబోయాడు గాని ఊపిరి అందలేదు. చెయ్యి వదలబోతే వెనకనుంచి గున్నమ్మ, "ఒగ్గీకు నాయినా. నడిమిన ఒగ్గీసినోణ్ణి మళ్ళీ ముట్టనివ్వరు," అన్నది. అతను వెనక్కి వంగాడు. మడమలు గుచ్చాడు. ఒక బూటు సముద్రం పట్టుకుపోయింది.

సంచి ఒడ్డుకు వచ్చింది. సంచినిండా చేపలు: కవళ్ళు, కానాగంతలు, నాలుగు పెద్ద పారలు. జనం ఆనందంగా ఉన్నారు. అసలు కష్టం అప్పుడు మొదలైంది.

నడిమిపేట కట్టుబాటు ఇది. సంచి ఇసకకు తగిలేలోపల తాడు ముట్టిన ప్రతి మనిషికీ ఒక వంతు. ముసలి, గర్భిణి, కొత్త, పాత అన్న భేదం లేదు. వంతులు కుప్పలుగా పోస్తారు. ఎవరి కుప్పమీద వారు చెయ్యి వేస్తారు. ఆఖరి కుప్పమీద ఆఖరి చెయ్యి పడ్డాకనే అందరూ ఒక్కసారి ఎత్తుకుంటారు. అంతవరకు ఒక్క చేప కదలరాదు. వంతు వద్దనడానికి వీలులేదు. వద్దన్నవాడు నేను మీతో లేను అన్నట్టు. తమతో లేనివాడు లాగిన వలలోని చేపను నడిమిపేటలో ఎవరూ ఇంటికి తీసుకుపోరు.

అందరి చేతులూ పడ్డాయి. ఒక్క కుప్ప మిగిలింది.

"బాబూ, సెయ్యెయ్యండి," అన్నాడు ఎల్లాజీ. కాస్త ఊపిరి తీసుకున్నాక ఈ మనిషి ఎవరో అతనికి తెలిసివచ్చింది.

లాగు పిండుకుంటున్న నరసింగరావు తలెత్తాడు. "నేను తీసుకోకూడదు. ఇందాకే చెప్పాను కదా, నిబంధన."

"మీరు తాడట్టుకున్నారు."

"పడిపోకుండా పట్టుకున్నానయ్యా."

"నాను మాత్రం ఎందుకట్టుకున్నానేటి," అన్నది గున్నమ్మ. "పడిపోకుండానే కద."

నరసింగరావు మళ్ళీ లాగు పిండుకోసాగాడు. పైన గద్దలు తిరగడం మొదలుపెట్టాయి. చేపలు కొని శ్రీకూర్మానికీ శ్రీకాకుళానికీ మోసుకుపోయే ఆడవాళ్ళు తట్టలు చంకన పెట్టుకుని నిలబడ్డారు. ఎండ ఎక్కుతోంది. ఎండలో కవళ్ళకు ఓర్పు తక్కువ.

సూరయ్యకు ఒక ఉపాయం తోచింది. "ఎత్తుకోడానికి రానోడి వంతు ఆడి సుట్టాలు ఎత్తొచ్చు కద బావ. ఈ బాబుకి ఇక్కడ సుట్టాలెవులైనా ఉంటే ఆళ్ళనే ఎయ్యమను సెయ్యి."

"ఎవులూ లేకపోతే నానున్నాను," అన్నది గున్నమ్మ. "నా ముందే లాగినాడు. అత్తనవుతాను. నానెత్తుతాను."

జనం బాగున్నదన్నారు. నరసింగరావు ముఖం కూడా వెలిగింది. వెంటనే ఆరిపోయింది.

"తానుగాని, తన బంధువులుగాని," అన్నాడు నీరసంగా. "ఈమె నాకు బంధువైతే తీసుకోకూడదు. బంధువు కాకపోతే మీరు తీసుకోనివ్వరు." ఇంత చిక్కును ఇంత తొందరగా పట్టుకోవడానికే తాను వాల్తేరులో చదివినట్టు అతనికి అనిపించి ఉండాలి. విప్పడం మాత్రం అక్కడ చెప్పలేదు.

కూర్మమ్మ మొగుణ్ణి రెక్కపట్టుకుని పక్కకు లాగింది. ఎడమ రెక్కే.

"ఆయన మనోడు కాడని ఒక్క మాట అను. ఆ కుప్ప తీసి పారీ. ఆయన సంతోసంగా పోతాడు. నీ పెద్దరికం నీకుంటాది."

"ఎలగంటానే? ఆణ్ణి నాను తిట్టినాను."

"తిడితే?"

"బయటోణ్ణి అలగ తిడతారేటి? గాడిదన్నాను. ఆళ్ళ బాబుని కూడా అన్నాను. మనోడైతే అది తిట్టు కాదు. మనోడు కాకపోతే సర్కారోణ్ణి తిట్టినట్టు కద."

కూర్మమ్మ దీన్ని రెండు వైపులనుంచీ ఆలోచించి చూసింది. రెండు వైపులా మొగుడి మేనేజరీ పోతున్నట్టే కనిపించింది. "ఏటో నాకు తెల్దు. నీకు తోసింది సెయ్యి. బేగి సెయ్యి, సేప పోతన్నాది," అన్నది.

ఎల్లాజీ తిరిగివచ్చి కుప్పల మధ్య నిలబడ్డాడు. చెప్పదలచిన మాట ఎటునుంచి మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు. తెలియకుండానే మొదలుపెట్టాడు.

"బాబూ, మేనేజరీ మీరు తీసీండి. ఎవుల్నంపితే ఆళ్ళనంపండి. నాను ఒడ్డుమీద కూకుంటాను. ఆ కుప్పమీద మాత్రం సెయ్యెయ్యండి."

దీన్ని తరువాతి కాలంలో కొందరు త్యాగమన్నారు. అక్కడ ఉన్నవాళ్ళు మాత్రం, ఇంకేం చెయ్యాలో తెలియని మనిషి మొహం అలాగే ఉంటుందన్నారు. గున్నమ్మ తన కుప్పమీద వేసిన చెయ్యి తియ్యకుండానే ఇంకో చేత్తో ముక్కు చీదుకుంది.

నరసింగరావు కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడవడానికి పొడిగుడ్డ లేక ఇంకా మసకయింది. ఆ మసకలోంచే ఎల్లాజీని చూసి అడిగాడు.

"నేను మీ జట్టులో మనిషినే అంటారా?"

"తిట్టినాను కద బాబూ."

"అయితే," అన్నాడు నరసింగరావు నెమ్మదిగా, తనకు తానే పాఠం చెప్పుకుంటున్నట్టు, "జట్టులో ఉన్నవాడు జట్టుపెద్దను మదింపు చెయ్యకూడదు. అంటే నేను మదింపు అధికారిని కాను. కానప్పుడు ఆ నిబంధన నాకు వర్తించదు."

ఈ వాదనలో ఎక్కడో ఒక తప్పు ఉన్నదని అతనికి గట్టి అనుమానం. అది వెతుకుతూనే, ఒక కాలికి బూటుతో, ఒక కాలికి బూటు లేకుండా వచ్చి కుప్పమీద చెయ్యి వేశాడు.

చేపలు ఒక్కసారి లేచాయి. ఆడవాళ్ళు తట్టలు దించారు. ఒడ్డంతా మళ్ళీ గోల. ఆ గోలలో నరసింగరావు తన కుప్ప ముందు దిక్కుతోచక కూర్చుండిపోయాడు. అతను శాకాహారి. ఆ సంగతి తెలిసి గున్నమ్మ, "మరైతే ఇప్పుడు నాను అత్తనవొచ్చా?" అని అడిగింది. ఇప్పుడు కావచ్చునని అతను తేల్చి చెప్పాక కుప్ప ఎత్తుకుపోయింది. కూర్మమ్మ ఇచ్చిన కొబ్బరిబొండాన్ని అతను కాదనలేదు.

నరసింగరావు నిజాయితీపరుడు కనుక ఉన్నదున్నట్టే పైకి నివేదించాడు: మదింపు మధ్యలో అధికారి జట్టులో సభ్యుడైనందువల్ల మదింపు పూర్తికాలేదు. పై కార్యాలయంలో దీన్ని చాలామంది చదివారట. ఎలా జరిగిందని ఒకరు, జరగవచ్చునా అని ఒకరు, బూటు ధర ఎవరు భరించాలని ఒకరు అడిగారట. మరో అధికారిని పంపేదాకా ఎల్లాజీ తాత్కాలికంగా మేనేజరుగా కొనసాగవచ్చునని ఆఖరుకు గణపతిరావు కబురు తెచ్చాడు.

"అంటే బావ నెగ్గినాడా, పోయినాడా?" అన్నాడు సూరయ్య.

"రెండూ కాదు. ఇంకా చూడలేదన్నమాట."

"సూసినారు కద," అన్నది కూర్మమ్మ.

"చూసినాయన చూసినవాడి కింద లెక్క కాదమ్మా."

"మరి తాత్కాలికమంటే ఎన్నాళ్ళు?" అని అడిగాడు ఎల్లాజీ.

"పైనుంచి ఇంకొకాయన వచ్చి చూసేదాకా."

ఎల్లాజీ ఈ మాటను చాలారోజులు మనసులో తిప్పుకున్నాడు. ఇంకొకాయన ఎప్పుడు వస్తాడో, ఏ వేషంలో వస్తాడో చెప్పలేదు. వచ్చి చూస్తే పెద్దరికం పోతుందేమో. చూసేలోపల మనవాడైపోతే ఆయన చూసింది లెక్కలోకి రాదు. ఇందులో అర్థమైనదెంతో కానిదెంతో గాని, ఆ తరువాత దిబ్బమీద బూట్లు వేసుకున్న మనిషి ఎవరు కనిపించినా ఎల్లాజీ గొంతు ముందే లేచేది.

"ఒరే బూట్లోడా, అక్కడ నిలబడి ఏటి సూస్తన్నావు? రారా, తాడట్టు."

మశూచి టీకాలు వెయ్యడానికి వచ్చినాయన అలా పట్టాడు. ఓట్లడగడానికి వచ్చినాయన పట్టాడు. దారితప్పిన భోగాపురం పెళ్ళివారిలో ఒక మామగారు, పట్టుపంచె తడిసేదాకా పట్టాడు. అందరూ వంతు ఎత్తుకున్నారు. తమను ఎందుకు తిట్టారో, చేపలు ఎందుకిచ్చారో తెలియకుండానే దిబ్బ ఎక్కి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఎవరైనా పైనుంచి వచ్చిన అధికారి ఉన్నాడేమో, ఉంటే ఏమని రాసుకున్నాడో నడిమిపేటకు ఈనాటికీ తెలియదు. ఎల్లాజీ బతికున్నంత కాలం తాత్కాలికంగా మేనేజరుగానే ఉన్నాడు.